న్యాయాధిపతి తలుపు తట్టిన వితంతువు



నవంబరు 2వ తేదీన సమాధుల దీవెనకు ఒకసారి సముద్ర తీరంలోని ఒక చిన్న విచారణకు వెళ్ళాను. గుడి వెనుక దొడ్డిలో అందరూ తమ తమ వారి సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఏ సమాధి దగ్గరా నిలబడలేదు. దొడ్డి మధ్యలో ఉన్న పెద్ద సిలువ మొదట్లో కొవ్వొత్తి పెట్టి మోకరించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఆమె తల్లి కొట్టుకుపోయింది. శరీరం దొరకలేదు. అందుకని ఆ తల్లికి సమాధి లేదు. సిలువే ఆమె సమాధి.

ప్రార్థన ముగిశాక ఆమె నా దగ్గరకు వచ్చింది. వాతావరణం గురించి దేశాలన్నీ ఎక్కడో సభ పెట్టుకున్నాయని మనవడు టీవీలో చూసి చెప్పాడట. "సాములూ, ఆ పెద్దోళ్ళంతా ఆడ కూచుని మాట్టాడుకుంటే మా సముద్రం ఆగుద్దా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ప్రార్థన చేద్దాం అమ్మా" అని మాత్రం అన్నాను. తిరుగు ప్రయాణంలో ఆ మాట నాకే చాలలేదనిపించింది. ఆమె అడిగింది నిజమైన ప్రశ్న. దానికి నిజమైన జవాబు వెతకడం మన విశ్వాసానికి తగిన పని. ఈ వారం మీతో కలిసి ఆ పని చేయాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మొదట ఆ సభలేమిటో తెలుసుకుందాం. బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండించడం వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువు భూగోళాన్ని దుప్పటిలా కప్పి వేడెక్కిస్తున్నది. ఆ వేడికి హిమానీనదాలు కరుగుతున్నాయి, సముద్ర మట్టం పెరుగుతున్నది. వేడెక్కిన సముద్రం తుఫానులకు బలం ఇస్తుంది. ఏ ఒక్క తుఫానునూ పూర్తిగా దీనికే అంటగట్టలేము. కాని తుఫానులు మరింత ఉగ్రంగా మారుతున్నాయని, మట్టం పెరిగిన సముద్రం ఉప్పెనను మరింత లోపలికి తోస్తుందని శాస్త్రజ్ఞులు స్పష్టంగా చెబుతున్నారు. ఈ ఆపదను ఎదుర్కోవడానికి 1992లో బ్రెజిల్ దేశపు రియో నగరంలో దేశాలన్నీ ఒక ఒడంబడిక చేసుకున్నాయి. 1995లో బెర్లిన్‌లో మొదటి సభ జరిగింది. అప్పటినుండి దాదాపు ప్రతి సంవత్సరమూ ఏదో ఒక నగరంలో ఇలాంటి సభ జరుగుతున్నది. దాదాపు 200 దేశాలు కూర్చుంటాయి. అక్కడ ఓట్ల లెక్క లేదు. అందరూ సమ్మతిస్తేనే తీర్మానం. కనుక బలమైన దేశం కాదని భీష్మించుకుంటే బలహీనుల మొర అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు పునీత లూకా సువిశేషం 18వ అధ్యాయం తెరవండి. ఒక పట్టణంలో ఒక న్యాయాధిపతి. అతనికి దైవభయం లేదు, మనుషులంటే గౌరవం లేదు. అదే ఊరిలో ఒక వితంతువు. ఆమెకు అన్యాయం జరిగింది. ఆమె దగ్గర లంచం ఇవ్వడానికి డబ్బు లేదు, సిఫారసు చేయడానికి మగదిక్కు లేదు. ఉన్నది రెండు కాళ్ళు, ఒక నోరు. ఆ కాళ్ళతో ప్రతిరోజూ ఆ ఇంటికి నడిచింది. ఆ నోటితో ప్రతిరోజూ ఒకే మాట అడిగింది, న్యాయం చేయమని. చివరకు విసిగిపోయి అతడు న్యాయం చేశాడు. మనం విసుగు చెందక ప్రార్థించాలని నేర్పడానికే ప్రభువు ఈ కథ చెప్పాడని సువిశేషకారుడు ముందుగానే చెబుతున్నాడు.

ఈ కథ మన కాలంలోనూ నడిచింది. 1991లో, రియో ఒడంబడికకు ముందే, పసిఫిక్ సముద్రంలోని వనువాటు అనే చిన్న దేశం చిన్న ద్వీపాలన్నిటి తరఫున ఒక విన్నపం చేసింది. సముద్రం పెరిగి మా నేల మునిగితే ఆ నష్టాన్ని భరించడానికి ఒక నిధి ఉండాలి, పొగ ఎక్కువగా వదిలిన సంపన్న దేశాలు అందులో డబ్బు వేయాలి అని అడిగింది. ఎవరూ వినలేదు. రియో ఒడంబడికలో ఆ మాటకు చోటు దొరకలేదు. ఆ చిన్న ద్వీపాలు మరుసటి సభకు వచ్చి మళ్ళీ అడిగాయి. ఆ తరువాతి సభలోనూ అడిగాయి. వితంతువు నడక మొదలయింది.

2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్ దేశాన్ని హయాన్ అనే పెనుతుఫాను తాకింది. అది కథోలికులు అధిక సంఖ్యలో ఉన్న దేశం. మరణించిన విశ్వాసుల కోసం శ్రీసభ ప్రత్యేకంగా ప్రార్థించే మాసంలోనే టాక్లోబాన్ నగరం మీదికి సముద్రం గోడలా లేచి వచ్చింది. ఆ దేశంలో 6,000 మందికి పైగా చనిపోయారు. శవాలను సామూహికంగా పూడ్చిపెట్టవలసి వచ్చింది. దివిసీమను చూసిన మన పెద్దలకు ఈ వాక్యం అర్థం వివరించనక్కరలేదు.

మూడు రోజుల తరువాత, నవంబరు 11న, పోలండ్ దేశపు వార్సా నగరంలో ఆ సంవత్సరపు సభ ప్రారంభమయింది. ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సానో లేచి మాట్లాడారు. ఆయన కుటుంబం టాక్లోబాన్ ప్రాంతానిదే. తన సోదరుడు ప్రాణాలతో బయటపడి, తిండి లేక, తన చేతులతో శవాలను ఏరుతున్నాడని చెబుతూ ఆయన కంటతడి పెట్టుకున్నారు. అర్థవంతమైన ఫలితం కనిపించేవరకు ఈ సభ జరిగినన్నాళ్ళూ తాను అన్నం ముట్టనని ప్రకటించారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఎంతమంది ప్రతినిధులు తమ దేశాల పట్టుదల మార్చుకున్నారో ఆలోచించండి. చప్పట్లు కొట్టడం సులువు. ఆ సభ చివర నష్టాల గురించి చర్చించడానికి ఒక ఏర్పాటు మాత్రం జరిగింది. నిధి రాలేదు.

2015లో పారిస్ సభ జరిగింది. భూమి వేడిమి పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా తక్కువగా, వీలైతే 1.5 డిగ్రీల లోపల ఆపాలని దేశాలు అంగీకరించాయి. నష్టాల విషయం ఒడంబడికలో చేరింది. కాని దాని ఆధారంగా ఎవరూ పరిహారం కోరరాదని సంపన్న దేశాలు పక్కనే వ్రాయించుకున్నాయి. ఆ సంవత్సరం యెబ్ సానో ప్రతినిధి పదవిలో లేరు. యాత్రికుడిగా రోము నుండి పారిస్ వరకు కాలినడకన వెళ్ళారు. వితంతువు మళ్ళీ నడిచింది.

2022 నవంబరులో ఈజిప్టు దేశపు షర్మ్ ఎల్ షేక్ సభలో, గడువు దాటి తెల్లవారుజామున, ఆ నిధిని ఏర్పాటు చేయడానికి దేశాలు ఒప్పుకున్నాయి. 1991 నుండి లెక్కిస్తే 31 సంవత్సరాలు. 2023 నవంబరు 30న దుబాయి సభ మొదటి రోజునే దానిని అమలులోకి తెచ్చారు. 2024లో ఆ నిధి పాలకమండలికి ఆతిథ్యమిచ్చే దేశంగా ఫిలిప్పీన్స్‌ను ఎన్నుకున్నారు. హయాన్ తుఫానులో శవాలను ఏరిన దేశమే ఆ మండలికి ఆతిథ్యం ఇచ్చేదయింది.

ఇది విజయమా? నిజం చెప్పుకుందాం. దుబాయిలో ఆ నిధికి దేశాలు ప్రకటించిన మొత్తం సుమారు 70 కోట్ల డాలర్లు. ఒక్క పెద్ద తుఫాను చేసే నష్టం ముందు అది చిన్న మొత్తం. 2024లో బాకు నగరంలో, 2035 నాటికి పేద దేశాలకు సంవత్సరానికి 30,000 కోట్ల డాలర్లు అందేలా చూస్తామని సంపన్న దేశాలు మాట ఇచ్చాయి. పేద దేశాలు కోరినది 1,30,000 కోట్లు. ఆ తీర్మానాన్ని మన భారతదేశ ప్రతినిధి ఆ సభలోనే గట్టిగా నిరాకరించారు. అదే 2024వ సంవత్సరం భూమి సగటు వేడిమి మొదటిసారిగా 1.5 డిగ్రీల గీత దాటిన సంవత్సరం అయింది. 2025 నవంబరులో సభ బ్రెజిల్ దేశపు బెలేమ్ నగరంలో జరిగింది. బొగ్గు, చమురు, గ్యాసు వాడకాన్ని విడిచిపెట్టడానికి ఒక మార్గం గీయమని ఎనభైకి పైగా దేశాలు కోరినా చివరి తీర్మానంలో ఆ మాటకు చోటు దొరకలేదు.

పోర్చుగీసు భాషలో బెలేమ్ అంటే బెత్లెహేము. ఆ పేరు గల ఊరిలోనే పేదల మాటకు సత్రంలో స్థలం దొరకలేదు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ మనకు మూడు శోధనలు ఎదురవుతాయి. మూడూ భక్తి వేషంలోనే వస్తాయి. జాగ్రత్తగా గుర్తించాలి.

మొదటి శోధన ఇలా అంటుంది: దేవుడు నోవాకు ఇంద్రధనుస్సు చూపించి మరల జలప్రళయం రానివ్వనని మాట ఇచ్చాడు కదా, మనకెందుకు భయం? ఆదికాండము 9వ అధ్యాయం నిదానంగా చదవండి. దేవుడు తాను జలప్రళయంతో భూమిని నాశనం చేయనన్నాడు. మనుషులు నాశనం చేసుకుంటూ పోతే చూస్తూ దీవిస్తానని అనలేదు. ఆ ఒడంబడిక నోవాతో మాత్రమే కాదు, ఓడలోనుండి బయటికి వచ్చిన ప్రతి ప్రాణితోనూ చేసినది. దేవాలయ శిఖరం మీదినుండి దూకు, దేవదూతలు పట్టుకుంటారు అని సైతాను ప్రభువుతో అన్నప్పుడు కూడా దేవుని వాగ్దానాన్నే ఎత్తి చూపాడు. ప్రభువు దూకలేదు. వాగ్దానాన్ని అడ్డం పెట్టుకుని నిర్లక్ష్యంగా బ్రతకడం విశ్వాసం కాదు, దేవుని పరీక్షించడం.

రెండవ శోధన: ఇవన్నీ లోకాంతపు గుర్తులు, ప్రభువు వస్తున్నాడు, ఇక చెట్లు నాటి ఏం లాభం? ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాడు. యజమాని వచ్చినప్పుడు పనిలో ఉన్న సేవకుడే ధన్యుడని కూడా చెప్పాడు. యిర్మీయా ప్రవక్తను చూడండి. యెరూషలేమును శత్రువులు ముట్టడించారు. ఆయన చెరలో ఉన్నాడు. పట్టణం కూలిపోతుందని అందరికంటె ఆయనకే బాగా తెలుసు. ఆ సమయంలో ఆయన అనాతోతులో ఒక పొలం కొన్నాడు. 17 షెకెళ్ళ వెండి తూచి ఇచ్చి, దస్తావేజు వ్రాయించి, సాక్షులతో సంతకాలు పెట్టించి, మట్టికుండలో భద్రం చేయించాడు. నిరీక్షణ అంటే అది. అంతా బాగుంటుందిలే అని తనకు తాను చెప్పుకోవడం కాదు, దేవుని మాట మీద ఆనుకుని ఈరోజు వెండి తూచి ఇవ్వడం.

మూడవ శోధన మరింత మర్యాదగా వస్తుంది: ఇది రాజకీయం, శ్రీసభకు దీనితో ఏం పని? ఈ ప్రశ్నకు ఫ్రాన్సిస్ పాపుగారు తన జీవితంతోనే జవాబు చెప్పారు. 2015 జనవరి 17న ఆయన టాక్లోబాన్ వెళ్ళారు. ఆ రోజున మరొక తుఫాను వస్తున్నది. జనంతో పాటు తానూ పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని, ఆ గాలివానలోనే దివ్యపూజాబలి సమర్పించారు. వ్రాసుకుని వచ్చిన ప్రసంగాన్ని పక్కన పెట్టారు. తమ పిల్లలను, తల్లిదండ్రులను పోగొట్టుకున్న వారికి ఏమి చెప్పాలో తనకు తెలియదని ఒప్పుకున్నారు. సిలువ మీది ప్రభువును చూపించి, ఆయన మీ బాధను ఎరిగినవాడని చెప్పారు. భయపడిన బిడ్డ తల్లి చేయి పట్టుకున్నట్లు దేవమాత చేయి పట్టుకోమన్నారు. తుఫాను దగ్గర పడటంతో పర్యటన మధ్యలోనే ముగించుకుని వెళ్ళవలసి వచ్చింది.

అదే సంవత్సరం జూన్ నెలలో సృష్టి సంరక్షణ గురించి ఆయన విశ్వలేఖ వెలువడింది. టాక్లోబాన్‌లో మాట రాక మౌనంగా నిలబడిన కాపరి, ఆరు నెలలు తిరగకుండానే లోకమంతటితో మాట్లాడారు. మొదట బాధితుల దగ్గర మౌనం, తరువాత బలవంతుల దగ్గర మాట. కాపరి క్రమం ఇది. మనం తరచు దీనిని తలక్రిందులు చేస్తాం. ఏడ్చేవారి దగ్గర ఉపన్యాసం ఇస్తాం, అన్యాయం చేసేవారి దగ్గర మౌనం వహిస్తాం.

2022లో వాటికన్ కూడా ఈ ఒడంబడికలలో సభ్యత్వం తీసుకుంది. 2023 అక్టోబరు 4న, అస్సీసి పునీత ఫ్రాన్సిస్ పండుగనాడు, పాపుగారు ఇదే విషయంపై మరొక ఉపదేశ లేఖ వ్రాశారు. దుబాయి సభ మీద ఆశ వదులుకోరాదని అందులో హెచ్చరించారు. ఆశ వదులుకుంటే ముందుగా మునిగేది పేదలే. ఆ సభకు తానే వెళ్ళాలనుకున్నారు. అనారోగ్యం అడ్డుపడింది. ఆయన ప్రసంగాన్ని కార్డినల్ పారోలిన్ గారు చదివి వినిపించారు. 2025 ఏప్రిల్ 21న, ఈస్టరు మరునాడు, ఆయన ప్రభువులో నిద్రించారు. ఆయన తరువాత వచ్చిన పదునాలుగవ లియో పాపుగారు అదే సంవత్సరం బెలేములో సమావేశమైన స్థానిక శ్రీసభలకు సందేశం పంపారు. తప్పు పారిస్ ఒడంబడికలో లేదని, దానిని పాటించడంలో మనమే తప్పిపోతున్నామని చెప్పారు. పాపుగారు మారినా తలుపు తట్టడం ఆగలేదు.

అయితే ఒక ముఖ్యమైన సంగతి. వితంతువు కథలో దేవుణ్ణి ఆ దుష్ట న్యాయాధిపతితో పోల్చుకోవద్దు. ప్రభువు చెప్పినది దానికి వ్యతిరేకం. అంతటి కఠినాత్ముడే వినవలసి వచ్చినప్పుడు, తన బిడ్డల మొర వినడానికి పరలోకపు తండ్రి ఆలస్యం చేస్తాడా అన్నది ఆయన ప్రశ్న. మరి ఆలస్యం ఎందుకు కనిపిస్తున్నది? నన్ను కూడా బాధించే ప్రశ్న ఇది. పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖ 8వ అధ్యాయంలో సృష్టి మూలుగును ప్రసవవేదనతో పోల్చారు. మరణవేదనలోనూ, ప్రసవవేదనలోనూ కేక ఒకటే. తేడా ఏమిటంటే, ప్రసవించే తల్లి పక్కన ఎవరో ఒకరు చేయి పట్టుకుని కూర్చుంటారు, పనిచేస్తారు. పవిత్రాత్మ కూడా మనతో కలిసి మూలుగుతున్నాడని అక్కడే ఉంది. దేవుడు ఆలస్యం చేస్తూ దూరంగా కూర్చోలేదు. మంత్రసాని పనికి మనల్ని పిలుస్తున్నాడు.

కనుక మనం ఏమి చేయగలం? పొగ ఎక్కువగా వదిలినవారు ఎక్కువ భారం మోయాలి. ఇది న్యాయం. మన పేద కుటుంబాల మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. కాని చేయగలిగినది చేయకపోతే మన ప్రార్థనకు కాళ్ళు ఉండవు.

ప్రతి సంవత్సరం చివర ఈ సభ జరిగే రోజులలో ఆదివారపు విశ్వాసుల ప్రార్థనలలో ఆ సభ జరిగే ఊరి పేరు చెప్పి ప్రార్థించండి. ఇంట్లో కుటుంబ జపమాలలో ఒక పది మునిగిపోతున్న ద్వీపాల కోసం చెప్పండి. ఒక శుక్రవారం ఒక పూట ఉపవాసం ఉండి, ఆ మిగిలిన డబ్బును తుఫాను బాధితులకు ఇవ్వండి. విచారణ పండుగకు కట్టే ఫ్లెక్సీలు, పారవేసే ప్లాస్టిక్ గ్లాసులు, కాల్చే బాణాసంచా ఎంతవరకు అవసరమో విచారణ పెద్దలు ఒకసారి కూర్చుని ఆలోచించండి. తీరప్రాంతాల వారు మడ అడవులను నరకనీయకండి. ఉప్పెన వేగాన్ని తగ్గించేది అవే. యువజన సంఘాలవారు మొక్క నాటి ఫొటో తీసుకోవడంతో ఆగక, మూడు వేసవులు దానికి నీళ్ళు పోయండి. ఓటు అడగడానికి వచ్చిన నాయకులను కరకట్ట సంగతి, తుఫాను షెల్టరు సంగతి అడగండి. ఒక్కసారి అడిగి ఊరుకోవద్దు. వితంతువు ఒక్కసారి అడిగి ఊరుకోలేదు.

చివరగా ఆ పెద్దావిడ ప్రశ్న. అమ్మా, నీవు ఈ పత్రిక చదవలేకపోతే నీ మనవడు చదివి వినిపిస్తాడని వ్రాస్తున్నాను. ఆ సభలో కూర్చుని మాట్లాడుకుంటే నీ సముద్రం ఆగదు. వారు ఇచ్చిన మాట నిలుపుకుంటే అది పెరగడం నెమ్మదిస్తుంది, నీ మనవడి ఇల్లు నిలబడవచ్చు. నిలుపుకోకపోతే నిలబడకపోవచ్చు. అందుకే అడుగుతూ ఉండాలి. ఎలా అడుగుతూ ఉండాలో నీకే బాగా తెలుసు. శరీరం దొరకని తల్లి కోసం ఇన్ని సంవత్సరాలుగా, ఒక్క సంవత్సరం కూడా తప్పకుండా ఆ సిలువ దగ్గరకు నడిచి వెళ్తున్నదానివి నీవు.

ప్రభువు ఆ వితంతువు కథను ఒక ప్రశ్నతో ముగించాడు. మనుష్యకుమారుడు మరల వచ్చినప్పుడు ఈ భూమి మీద విశ్వాసం అనేది ఆయనకు కనిపిస్తుందా? ఆ రోజున ఆయన పెద్ద సభాభవనాలలో వెతికినా, సముద్రం ఒడ్డున ఒక సిలువ దగ్గర వెతికినా, మన విచారణలలో వెతికినా, అడగడం మానని ఒక మనిషైనా ఆయనకు కనిపించును గాక. సృష్టికర్తయైన తండ్రి మిమ్మును, మీ బిడ్డలను, మీ పొలాలను, మీ పడవలను కాచి కాపాడును గాక. ఆమెన్.